మురుగు యంత్రం కొనడం దయ కాదు, చట్టం చెప్పిన పని

మున్సిపల్ బడ్జెట్ సమావేశం జరిగిన మర్నాడు పత్రికల్లో వచ్చే వార్త ఏ నగరంలోనైనా దాదాపు ఒకేలా ఉంటుంది. మొత్తం ఎన్ని కోట్లు, ఫ్లైఓవర్లకు ఎంత, పార్కులకు ఎంత, కూడళ్ల సుందరీకరణకు ఎంత, ప్రతిపక్ష సభ్యులు ఎప్పుడు వాకౌట్ చేశారు. ఆ వార్తలో నేను వెతికే పద్దు ఒక్కటే. మ్యాన్‌హోళ్లు, మురుగు లైన్లు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే యంత్రాలకు ఎంత పెట్టారు? చాలాసార్లు ఆ అంకె వార్తలో ఉండదు. బడ్జెట్ పుస్తకం తెప్పించుకుని చదివినా విడిగా కనిపించదు. ‘వాహనాలు’ అనే ఒకే పద్దు కింద అధికారి ఎక్కే కారూ, చెత్త లారీ, మురుగు తోడే జెట్టింగ్ యంత్రమూ కలిసిపోయి ఉంటాయి.

ఒక నగరం ఏ వస్తువు కొంటుంది, ఏది వచ్చే ఏడాదికి వాయిదా వేస్తుంది అన్నది అకౌంట్స్ విభాగం వాళ్ల వ్యవహారమని మనం వదిలేస్తున్నాం. కానీ ఆ నగరంలో ఎవరి ప్రాణానికి ఎంత విలువ ఉందో తేలేది ఆ పద్దుల్లోనే. మురుగు యంత్రం విషయంలో అయితే పాలకమండలికి కొనాలా వద్దా అని ఆలోచించుకునే స్వేచ్ఛ కూడా లేదు. చట్టం ఆ పని దాని నెత్తిన పెట్టి పుష్కరం దాటింది.

చట్టం ఏం చెప్పింది

2013లో పార్లమెంటు చేసిన చట్టం మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించింది. దాని 7వ సెక్షన్ ప్రకారం రక్షణ లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని దింపడం నేరం. ఈ నిషేధం గురించి అందరికీ తెలుసు. తెలియంది 33వ సెక్షన్. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయడానికి తగిన యంత్ర పరికరాలు వాడటం ప్రతి స్థానిక సంస్థ బాధ్యత అని అది చెబుతుంది. అందుకు ఆర్థిక సాయం, ప్రోత్సాహకాలు ఇచ్చి ముందుకు నడిపించడం ప్రభుత్వం బాధ్యత అని కూడా చెబుతుంది. ‘వీలైతే’, ‘నిధులు ఉంటే’ అన్న మినహాయింపులు అందులో లేవు.

2014 మార్చి 27న సఫాయి కర్మచారి ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు మురుగులో చనిపోయిన వారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. 2023 అక్టోబర్ 20న బలరాం సింగ్ కేసులో దాన్ని 30 లక్షలకు పెంచింది. 2025 జనవరి 29న ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్ నగరాల్లో మనుషులతో మురుగు శుభ్రం చేయించడాన్ని ఆపేయాలని ఆదేశించింది. చట్టం వచ్చిన పన్నెండేళ్లకు, దేశంలోకెల్లా పెద్ద నగరాలకు మళ్లీ అదే మాట చెప్పాల్సి వచ్చిందంటే కొరత చట్టానిది కాదని అర్థమవుతూనే ఉంది.

కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారమే 2019 నుంచి 2023 వరకు మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో 377 మంది చనిపోయారు. వాళ్లెవరో ఊహించడం కష్టం కాదు. నమస్తే పథకం కింద 2024 నాటికి వివరాలు నమోదైన దాదాపు 38 వేల మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో 68.9 శాతం ఎస్సీలు, 14.7 శాతం ఓబీసీలు, 8.3 శాతం ఎస్టీలు. జనరల్ కేటగిరీ వాళ్లు 8 శాతం.

2022, 2023ల్లో జరిగిన 54 మరణాల మీద కేంద్రం సోషల్ ఆడిట్ చేయించింది. అందులో 49 మంది ఒంటి మీద ఏ రక్షణ సామగ్రీ లేదు. 47 మరణాల్లో యంత్రం అందుబాటులోనే లేదు. 54లో 47! ఆ రోజు ఆ వీధికి ఒక యంత్రం వచ్చి ఉంటే ఆ మనుషులు లోపలికి దిగాల్సిన పని ఉండేది కాదు. ఆ యంత్రం ఎందుకు లేదని వెనక్కి వెళ్తూ పోతే, అది ఏదో ఒక బడ్జెట్ సమావేశం దగ్గర ఆగుతుంది.

నిర్ణయం ఎక్కడ జరుగుతుంది

పెద్ద నగరాల్లో పద్ధతి ఇంచుమించు ఇది. ఒక్కో విభాగం తన అవసరాలను రాసి పంపుతుంది. కమిషనర్ వాటన్నిటినీ కూర్చి అంచనాలు తయారు చేస్తారు. స్టాండింగ్ కమిటీ పరిశీలించి మార్పులు చేస్తుంది. చివరికి మొత్తం పాలకమండలి ముందుకు వస్తుంది. ఆ తర్వాత కూడా ఒక్కో కొనుగోలుకు దాని విలువను బట్టి కమిషనరో, కమిటీయో, కౌన్సిలో, రాష్ట్ర ప్రభుత్వమో అనుమతి ఇవ్వాలి. అప్పుడు టెండర్.

ఈ దారిలో మురుగు యంత్రం ఎక్కడ తప్పిపోతుంది? మొదటి మెట్టు మీదే. కింది స్థాయి ఇంజనీరు అడిగితేనే అది అంచనాల్లోకి వస్తుంది. లైన్ పూడిపోతే కాంట్రాక్టర్‌కు ఫోన్ చేయడం, కాంట్రాక్టర్ ఇద్దరు మనుషుల్ని పంపడం, సాయంత్రానికి ఫిర్యాదు మూసేయడం అలవాటైన చోట యంత్రం కావాలని అడగాల్సిన అవసరం ఆ ఇంజనీరుకు తోచదు. అడగనిది అంచనాల్లో ఉండదు. అంచనాల్లో లేనిదాని మీద చర్చ ఉండదు. కార్పొరేటర్ల చేతికి పుస్తకం వచ్చేది చాలాసార్లు సమావేశానికి కొద్ది రోజుల ముందే. అందులో ఉన్నదాన్ని చదవడానికే సమయం చాలదు, లేనిదాన్ని వెతికేదెవరు?

అంచనాల్లోకి వచ్చినా రెండో చోట కోత పడుతుంది. అక్కడ నాకు ఎప్పుడూ వినపడే మాట ‘యంత్రం ఖరీదు ఎక్కువ’ అని. దేనితో పోలిస్తే ఎక్కువ? మనిషితో పోలిస్తే. రోజు కూలీకి, గ్లౌజులు కూడా లేకుండా, పీఎఫ్ లేకుండా, బీమా లేకుండా దిగే మనిషితో పోల్చితే ఏ యంత్రమైనా ఖరీదుగానే కనిపిస్తుంది. ఆ మనిషి ఎందుకు అంత చౌకగా దొరుకుతున్నాడు? వేరే పనికి వెళ్తే కులం అడ్డొస్తుంది కాబట్టి. తాత చేశాడు, తండ్రి చేశాడు, నువ్వూ చెయ్యి అని ఊరూ, బస్తీ, కాంట్రాక్టరూ కలిసి అతన్ని ఆ పని దగ్గరే నిలబెట్టారు కాబట్టి. మన నగరాల మురుగు వ్యవస్థకు అన్నిటికన్నా పెద్ద సబ్సిడీ కులమే ఇస్తోంది. అది ఏ బడ్జెట్ పుస్తకంలోనూ రాబడి కింద రాయరు.

ఒక కార్మికుడు చనిపోతే ఇవ్వాల్సిన 30 లక్షలు కూడా ఆ లెక్కలోకి రావు. యంత్రం ధర ఒక పద్దులో ఉంటుంది. ప్రాణం ధర ఇంకెక్కడో, ఇంకెవరి ఖాతాలోనో, అదీ కుటుంబం ఏళ్ల తరబడి తిరిగాక పడుతుంది. రెంటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన రాస్తే, చావులు ఒకటి రెండు జరిగేసరికే యంత్రం చౌక అని లెక్క తేలుతుంది. ప్రాణాన్ని డబ్బుతో కొలవడం నాకు ఇష్టం లేదు. కానీ వాళ్ల లెక్కలోనే చూసినా వాళ్ల వాదన నిలవదని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

డబ్బు లేదా?

డబ్బు లేదనేది రెండో సాకు. 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంటుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కట్టుబెట్టింది. స్వచ్ఛ భారత్ రెండో దశలో మురుగునీటి నిర్వహణకు నిధులున్నాయి. నమస్తే పథకం కింద కార్మికులే పారిశుద్ధ్య వాహనాలు కొనుక్కోవడానికి సబ్సిడీ ఉంది. ముంబై కార్పొరేషన్ 2025-26 బడ్జెట్ 74,427 కోట్లు. కొన్ని చిన్న రాష్ట్రాల బడ్జెట్ కంటే అది పెద్దది. అలాంటి చోట కూడా మురుగులో మనుషుల్ని దింపొద్దని సుప్రీంకోర్టు విడిగా చెప్పాల్సి వచ్చింది.

ముందే వాటా తీసిపెట్టడం మన చట్టాలకు కొత్త కూడా కాదు. తెలంగాణ 2019 మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని తప్పనిసరి చేసింది. మొక్కలు ఎండిపోతే బాధ్యత ఎవరిదో కూడా చెప్పింది. మంచిదే. మొక్క బతకడానికి ముందే డబ్బు తీసిపెట్టగలిగిన చట్టసభలు మనిషి బతకడానికి ఎందుకు తీసిపెట్టలేవు? యంత్రాలకు ఇంత వాటా అని రాష్ట్ర చట్టాల్లో రాయమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఇక మూడో సాకు పరిధి. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నగరాల్లో మురుగు లైన్లు జలమండలి లాంటి బోర్డుల చేతిలో ఉన్నాయి. ఢిల్లీలో జల్ బోర్డు. వార్డులో మ్యాన్‌హోల్ పొంగితే జనం కార్పొరేటర్ ఇంటికి వెళ్తారు. ఆ మ్యాన్‌హోల్ మీద కార్పొరేటర్‌కు ఓటు హక్కు లేదు. బోర్డు బడ్జెట్ పాలకమండలి ముందుకు రాదు. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. 12వ షెడ్యూల్‌లో 18 అంశాలు రాసింది, అందులో పారిశుద్ధ్యం ఉంది. కాగితం మీద అధికారం నగరానిది, నిధి బోర్డుది, చావు మనది.

పాలకమండలే లేని కాలం సంగతి ఇంకా ఘోరం. చెన్నైలో 2016 నుంచి 2022 వరకు ఎన్నికైన కౌన్సిల్ లేదు. బెంగళూరు కౌన్సిల్ గడువు 2020లో ముగిస్తే ఏళ్ల తరబడి ఎన్నికలు పెట్టలేదు. ముంబైలో 2022 మార్చి తర్వాత వరసగా బడ్జెట్లు ప్రత్యేక అధికారి పెట్టి, ఆ అధికారే ఆమోదించుకున్నారు. రాజ్యాంగం 243టి అధికరణలో ఎస్సీ, ఎస్టీలకు సీట్లు రిజర్వు చేసింది మనవాళ్లు ఆ సభలో కూర్చుని డబ్బు ఎటు పోతోందో చూడాలని. ఎన్నికలు ఆపేస్తే ఆ రిజర్వేషన్ రద్దయినట్టే. ఎవరూ రద్దు చేశామని చెప్పరు, అంతే.

మహాడ్ నేర్పిన పాఠం

నగరపాలక సంస్థ తీర్మానాల విలువ ఎంతో తెలుసుకోవడానికి మన చరిత్రలోనే పెద్ద సాక్ష్యం ఉంది. 1923లో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే పెట్టిన తీర్మానం నెగ్గింది. ప్రభుత్వ ధనంతో కట్టిన, నిర్వహించే బావులు, ధర్మశాలలు, ఇతర సౌకర్యాలు అంటరానివారికి కూడా తెరవాలన్నది దాని సారాంశం. 1924లో మహాడ్ మున్సిపాలిటీ చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ తానూ తీర్మానం చేసింది. ఆ తర్వాత? మూడేళ్లు ఒక్క దళితుడు కూడా ఆ నీళ్లు ముట్టుకోలేకపోయాడు. తీర్మానం చేయడానికి సిరా చాలు. అమలుకు రక్షణ కావాలి, మనుషులు కావాలి, డబ్బు కావాలి. మున్సిపాలిటీ అవేవీ ఇవ్వలేదు.

1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. సవర్ణులు దాడి చేశారు, చెరువును ‘శుద్ధి’ చేసుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే వెనక్కి తీసుకుంది. కాగితం మీద ఉన్నంత కాలం ఎవరికీ అభ్యంతరం లేని హక్కు, మనవాళ్లు దాన్ని వాడుకోగానే రద్దయింది. చివరికి 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు తీర్పు వచ్చేవరకు పదేళ్లు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

33వ సెక్షన్ ఇవాళ 1924 నాటి తీర్మానంలా ఉంది. ఎవరూ వ్యతిరేకించరు. ఎవరూ డబ్బు పెట్టరు.

అంతకు ముందే మహాత్మా ఫూలే ఇంకో పాఠం చూపించారు. 1876 నుంచి 1882 వరకు ఆయన పుణె మున్సిపాలిటీ సభ్యుడు. వైస్రాయ్ లిట్టన్ నగరానికి వస్తున్నాడని స్వాగతానికి వెయ్యి రూపాయలు ఖర్చు పెట్టాలని ప్రతిపాదన వస్తే ఆయన ఒప్పుకోలేదు. ఆ డబ్బు పేదల చదువుకు పెట్టమన్నారు. ఆ సభలో ఆయన మాట నెగ్గలేదు. కానీ మున్సిపల్ సభలో బహుజన సభ్యుడు చేయాల్సిన పని ఏమిటో అప్పుడే తేలిపోయింది. ప్రతి ఖర్చు దగ్గరా ఆగి, ఇది ఎవరి కోసం అని అడగడం. ఇవాళ రిజర్వుడు సీట్ల నుంచి గెలిచిన మన కార్పొరేటర్లలో ఎందరు బడ్జెట్ రోజు లేచి నిలబడి ఆ ప్రశ్న అడుగుతున్నారు? పార్టీ విప్‌కు భయపడి చేయెత్తేవాళ్లను ఆ సభలోకి పంపడానికి కాదు కదా మనం ఇంత పోరాడింది.

యంత్రం కొంటే సరిపోదు

యంత్రం కొన్నామని ప్రారంభోత్సవం చేసి, ఫొటో దిగి, ఆరు నెలల తర్వాత యార్డులో తుప్పు పట్టించిన చోట్లు కూడా ఉన్నాయి. అందుకు కారణాలు మామూలువే. పెద్ద లారీ మీద అమర్చిన యంత్రం బస్తీ సందులోకి దూరదు. పైపు పగిలితే మార్చడానికి నిర్వహణ పద్దులో డబ్బు ఉండదు. నడపడం నేర్పిన మనిషి కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోతాడు. అప్పుడు మళ్లీ పాత కాంట్రాక్టర్‌కు ఫోన్. యంత్రాలు పనికిరావని అధికారులు చెప్పుకోవడానికి కూడా ఆ తుప్పు పట్టిన బండే సాక్ష్యం అవుతుంది.

ఈ చిక్కులకు పరిష్కారం తెలియక కాదు. 2017లో హైదరాబాద్ జలమండలి ఇరుకు సందుల్లోకి వెళ్లే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను తెచ్చింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ ఇందులో భాగస్వామి. 2019లో ఢిల్లీ అదే బాటలో 200 యంత్రాలు రోడ్డెక్కించింది. తిరువనంతపురంలో యువ ఇంజనీర్లు మ్యాన్‌హోల్ శుభ్రం చేసే బాండికూట్ రోబోను తయారు చేశారు. కేరళ 2018లోనే దాన్ని వాడకంలోకి తెచ్చింది. హైదరాబాద్, ఢిల్లీ పద్ధతిలో నాకు ముఖ్యంగా కనిపించింది యాజమాన్యం సంగతి. యంత్రాన్ని ఒక పెద్ద కాంట్రాక్టర్ చేతిలో పెడితే మురుగులో దిగే మనిషికి ఉద్యోగం పోతుంది. యంత్రం రాగానే అతన్ని ఇంటికి పంపడం విముక్తి కాదు. అతనో, అతని కుటుంబమో ఆ బండికి యజమాని కావాలి, కనీసం నెల జీతం మీద దాని ఆపరేటర్ కావాలి. బడ్జెట్‌లో యంత్రం ధర పక్కనే శిక్షణ ఖర్చు, జీతం కూడా రాయాలి.

ఇంకో విషయం. సోషల్ ఆడిట్ చూసిన 54 మందిలో 38 మందిని వ్యక్తులే నేరుగా పనికి పిలిచారు. అందుకే కార్పొరేషన్లు ‘అది ప్రైవేటు ఇల్లు, మాకు సంబంధం లేదు’ అని తప్పుకుంటాయి. ఇల్లు కాలితే ప్రైవేటు ఇల్లని ఫైరింజన్ రాకుండా ఉంటుందా? ఫైరింజన్ మీద లాభం వచ్చిందా అని ఏ కౌన్సిల్ అయినా లెక్క అడిగిందా? సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసే బండి కూడా అలాంటి ప్రజా సౌకర్యమే. దానికోసం 14420 అనే హెల్ప్‌లైన్ నంబరు ఉంది. ఫోన్ చేస్తే ఆ రోజే, అందుబాటు ధరకు బండి వస్తుందన్న నమ్మకం ఉంటే ఏ ఇంటి యజమాని అడ్డా మీద మనిషి కోసం వెతకడు. ఫోన్ ఎత్తినా పంపడానికి బండి లేకపోతే ఆ నంబరు గోడ మీద రాత మాత్రమే.

మనం అడగాల్సింది

కాబట్టి వచ్చే బడ్జెట్‌కు ముందు ప్రతి నగరంలో, ప్రతి పట్టణంలో మనం కొన్ని స్పష్టమైన మాటలు అడగాలి.

ఒకటి, మురుగు, సెప్టిక్ ట్యాంకు యంత్రాలకు విడిగా పద్దు ఉండాలి. జీతాలు, కరెంటు బిల్లు ఎలా ముందే తీసిపెడతారో దీన్నీ అలాగే తీసిపెట్టాలి. అందమైన కూడళ్ల వంతు ఆ తర్వాత.

రెండు, ఎన్ని కిలోమీటర్ల లైను ఉంది, ఎన్ని మ్యాన్‌హోళ్లు, ఎన్ని సందులు ఎంత వెడల్పు, ఎన్ని యంత్రాలు పనిచేస్తున్నాయి అన్న పట్టిక బడ్జెట్‌తో పాటు సభ ముందు పెట్టాలి. కొనుగోలు ఆ పట్టిక ప్రకారం జరగాలి. కొన్న ప్రతి యంత్రానికి నిర్వహణ నిధి చూపించాలి.

మూడు, మురుగు లైన్లు బోర్డుల చేతిలో ఉన్నచోట ఆ బోర్డు యంత్రాల లెక్క కూడా పాలకమండలి ముందుకు రావాలి. మూడు లక్షలు దాటిన పట్టణాల్లో 243ఎస్ చెప్పిన వార్డు కమిటీలు వేసి, వాటిలో పారిశుద్ధ్య కార్మికులను కూర్చోబెట్టాలి. ఏ సందులో ఏ యంత్రం పట్టదో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

నాలుగు, యంత్రం లేని కాంట్రాక్టర్‌కు టెండర్ ఇవ్వకూడదు. మనిషిని దింపినట్టు తేలితే బ్లాక్ లిస్టులో పెట్టి, 2013 చట్టం కింద కేసు నడపాలి.

ఐదు, గడిచిన ఏడాది నగర పరిధిలో మురుగులో ఎందరు చనిపోయారు, ఎందరి కుటుంబాలకు 30 లక్షలు అందాయి, ఎవరికి అందలేదు అన్నది బడ్జెట్ పుస్తకం మొదటి పేజీలో ఉండాలి. పేర్లతో సహా సభలో చదవాలి.

ఇవేవీ కొత్త చట్టం కోసం ఆగాల్సినవి కావు. సమాచార హక్కు దరఖాస్తు ఒకటి, కార్పొరేటర్ ఇంటి ముందు ఒక గంట, బడ్జెట్ రోజు గ్యాలరీలో పదిమంది. ఇంతతో మొదలుపెట్టవచ్చు. రిజర్వుడు వార్డు నుంచి గెలిచినవాళ్లను ముందు అడుగుదాం, ఎందుకంటే వాళ్లను మనం అడగగలం. వాళ్లు లేచి నిలబడితే మిగతావాళ్లు కూర్చుని ఉండలేరు.

మహాడ్‌లో బాబాసాహెబ్ కొత్త హక్కు అడగలేదు. అప్పటికే ఇచ్చిన దాన్ని వాడుకుందాం పదండి అన్నారు. మన చేతిలో కూడా అప్పటికే ఇచ్చిన చట్టం ఉంది. దానికి డబ్బు కేటాయించమని అడగడమే ఇప్పుడు మిగిలింది.

జై భీమ్.